మంచుకొండకు తొలి ప్రయాణం: సముద్రతీరవాసులు చేసుకోవలసిన సన్నాహం

మన అనకాపల్లి సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం. ఒకప్పుడు ఇక్కడి నుండి హిమాలయాలకు వెళ్ళేవారంటే బదరీ కేదార యాత్రికులే. అదీ వైశాఖ జ్యేష్ఠ మాసాలలో, దారిలోని మంచు కరిగిన తరువాత. ఇప్పుడు కళాశాలల్లో చదివే పిల్లలు పుష్య మాఘ మాసాలలో, మంచు నిండుగా ఉన్నప్పుడే వెళ్తామంటున్నారు. కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని మంచువాలుపై జారే స్కీయింగ్ నేర్చుకోవాలనీ, తీగకుర్చీలో కాక తమ కాళ్ళతోనే కొండ ఎక్కి జారి రావాలనీ వారి కోరిక. ఈ శీతకాలంలో నన్ను ఈ విషయమై సలహా అడిగినవారు ఒకరిద్దరు కారు. అందరికీ విడివిడిగా చెప్పినదానిని ఒకచోట చేర్చి వ్రాస్తున్నాను.

ముందు ఈ ఆట స్వరూపం తెలియవలెను. పలక అడుగున నూగు గల పట్టీ ఒకటి అంటిస్తారు. పూర్వం దీనిని సీలు అనే సముద్రజంతువు చర్మంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్, మేకవెంట్రుకలతో చేస్తున్నారు. నూగు వెనుకకు వాలి ఉండుట చేత పలక ముందుకు జారుతుంది, వెనుకకు జారదు. అలా అడుగడుగునా ఎక్కి, పైన పట్టీ ఊడదీసి, జారుతూ దిగుతారు. ఎక్కునప్పుడు గుండె, ఊపిరితిత్తులు శ్రమిస్తాయి. దిగునప్పుడు తొడలు, మోకాళ్ళు శ్రమిస్తాయి. రెండింటికీ చలి, ఎత్తు తోడవుతాయి. కనుక ఇది విహారయాత్రకు బట్టలు సర్దుకున్నట్లు సర్దుకొని వెళ్ళే పని కాదు.

మా అన్నగారి మనుమరాలు విశాఖలో చదువుతున్నది. ఆమె ఉత్తరాఖండ్‌లోని ఔలీకి వెళ్ళదలచినప్పుడు నేను వేయించిన పథకమే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను. ఔలీ చమోలీ జిల్లాలోనిది. బదరీ యాత్ర చేసినవారికి పరిచయమైన జోషీమఠ్ (2024లో దీని పేరు జ్యోతిర్మఠ్ అని మార్చారు) దానికి దిగువన సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఔలీ వాలులు 2,500 నుండి 3,000 మీటర్ల వరకు వ్యాపించి ఉన్నాయి. వాటికి పైన గోర్సన్ అనే పచ్చికబయలు శీతకాలంలో మంచుతో కప్పబడి ఉంటుంది. కొత్తవారు సాధారణంగా ఔలీ వాలులలో కొన్నాళ్ళు నేర్చుకొని, ఆ వైపు కాలినడకన ఎక్కి దిగుతారు. జోషీమఠ్ నుండి ఔలీకి గల తీగమార్గాన్ని, అక్కడ నేల కుంగి ఇండ్లు బీటలు వారిన 2023 జనవరిలో నిలిపివేశారు. రోడ్డు ప్రయాణాన్నే లెక్కలో పెట్టుకొనుట మేలు.

మూడు నెలల ముందు

మూడు నెలలన్నది ఊరకే చెప్పిన మాట కాదు. మొదట చేయవలసినది రక్తపరీక్ష. మన ఇండ్లలో ఆడపిల్లలకు రక్తహీనత ఎంత సామాన్యమో చెప్పనక్కరలేదు. ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబినే. అది తక్కువగా ఉన్న పిల్ల, ప్రాణవాయువు తక్కువగా అందే చోట కొండ ఎక్కితే రెండు విధాలా నష్టపోతుంది. ఇనుము మాత్రలతో ఆ లోటు పూడ్చుటకు రెండు మూడు నెలలు పడుతుంది. కనుకనే ఈ గడువు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి గలవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేనిదే ఈ ఆలోచన చేయరాదు. మన మన్యప్రాంతపు కుటుంబాలలో కనిపించే సికిల్‌సెల్ దోషం ఉన్నదేమో కూడా చూపించుకోవలెను. ఆ దోషం స్వల్పంగా ఉండి మామూలుగా ఏ బాధా లేనివారికి సైతం ఎత్తైన చోట ప్లీహానికి ప్రమాదం కలుగవచ్చు. ఉబ్బసం గలవారు పీల్చే మందును లోపలి జేబులో ఉంచుకోవలెను.

వ్యాయామం విషయంలో మన ప్రాచీనులు చెప్పిన సూత్రం నేటికీ మార్చనక్కరలేనిది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో శీతకాలంలోనూ, వసంతంలోనూ బలవంతులు, స్నిగ్ధాహారం తినేవారు తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవలెనని చెప్పియున్నాడు. సగం శక్తి అంటే ఏమిటి? ముక్కుతో శ్వాస చాలక నోటితో పీల్చవలసి వచ్చే స్థితిని సుశ్రుతం గుర్తుగా చెప్పుతున్నది. అక్కడ ఆగవలెను. మొదటి నెలలో ఈ హద్దు దాటకుండా రోజూ ముప్పావుగంట వేగంగా నడవాలి. హద్దు దానంతట అదే దూరం జరుగుతుంది.

మన ఊరివారికి కొండల కొరత లేదు. ఊరి చేరువనే శంకరం వద్ద బొజ్జన్నకొండ ఉన్నది. ఆ బౌద్ధ క్షేత్రపు మెట్లు చిన్నవారికి, పెద్దవారికి కూడా తగిన తొలి పాఠం. తరువాత సింహాచలం మెట్లు, ముందు ఖాళీ చేతులతో, పిదప భుజాన 5 కిలోల బియ్యం సంచితో ఎక్కవలెను. ఆషాఢ పూర్ణిమ వేళ జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణం చేయగలిగినవారికి నడక చాలును. ఎక్కుడు మాత్రమే నేర్వవలెను. అందరూ ఎక్కుటనే సాధన చేస్తారు, దిగుటను మరచిపోతారు. మెట్లు దిగునప్పుడే తొడ కండరాలు సాగుతూ బరువును ఆపుతాయి. స్కీ మీద జారునప్పుడు జరిగేదీ అదే. దిగుటకు తొందరపడక, ఒక్కొక్క మెట్టు నిదానంగా దిగవలెను.

ఇంకొక సాధనం మన బడులలోనే ఉండేది. అల్లరి చేసిన పిల్లలకు పంతుళ్ళు వేసే గోడకుర్చీ, గుంజీళ్ళు స్కీయింగ్‌కు కావలసిన కండరాలనే గట్టిపరుస్తాయి. గోడకు వీపు ఆన్చి, లేని కుర్చీలో కూర్చున్నట్లు మొదట 20 సెకండ్లు నిలువవలెను. మూడు నెలల్లో ఒకటిన్నర నిమిషానికి పెంచుకోవచ్చును. మా మనుమరాలు ఈ మాట విని, "మా బడిలో నేను తిన్న శిక్షలన్నీ వృథా పోలేదన్నమాట చిన్నతాతయ్యా" అని నవ్వింది.

చలిని ముందుగా చవిచూడదలచినవారు నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళి ఒక రాత్రి ఉండి రావచ్చును. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరిలో పుష్యమాసపు తెల్లవారుజామున బట్టలు, బూట్లు, చేతితొడుగులు ఎంతవరకు పనికివస్తాయో తేలిపోతుంది. అయితే దానితో ఎత్తు అలవాటైనదని భ్రమపడరాదు. ఎత్తుకు శరీరం అలవడుట ఎత్తైన చోటనే జరుగును.

2014 మే 25న పదమూడు సంవత్సరాల పదకొండు నెలల వయస్సులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ పేరు చెప్పి, ఆ పిల్ల ఎక్కగా లేనిది మేము ఎక్కలేమా అని అడిగేవారున్నారు. ఆమె, ఖమ్మం జిల్లా బాలుడు ఆనంద్‌కుమార్ ముందు భువనగిరి బండపై, పిమ్మట డార్జిలింగ్‌లో, ఆపైన లడఖ్ చలిలో శిక్షణ పొందిన తరువాతనే ఎవరెస్టుకు వెళ్ళారు. ఆ క్రమాన్ని కూడా వారి నుండి నేర్చుకోవలెను.

ఆహారం

హేమంత శిశిరాలలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుందనీ, దానికి తగిన ఆహారం అందనిచో శరీర ధాతువులనే దహిస్తుందనీ, కనుక నెయ్యి నూనెలతో కూడిన గురుపదార్థాలు తినవలెననీ చరకుడు ఋతుచర్యలో చెప్పియున్నాడు. మంచులో రోజంతా నడిచేవారి అవసరం ఇదే. అయితే ఎత్తుకు వెళ్ళిన తొలి రెండు రోజులలో చాలామందికి ఆకలి మందగిస్తుంది. అప్పుడు ముద్దలు ముద్దలుగా అన్నం కుక్కుట కంటె, జేబులో చిరుతిండి పెట్టుకొని గంటకొకసారి కొంచెం కొంచెం తినుట మేలు.

బెల్లపు మార్కెట్టుకు పేరుపొందిన ఊరివారికి దీనికోసం అంగళ్ళ చుట్టూ తిరుగనవసరం లేదు. నా మాట చిమ్మిలి. 250 గ్రాముల నువ్వులు దోరగా వేయించి, 200 గ్రాముల బెల్లం, నాలుగు ఏలకులు, అర చెంచా శొంఠిపొడి, చిటికెడు ఉప్పు చేర్చి దంచి, 25 గ్రాముల ఉండలు కట్టవలెను. ఉండకు సుమారు 120 కేలరీల శక్తి లభిస్తుంది. సున్నుండలు కూడా మంచివే, కాని మంచులో నేతి ఉండ రాయి అవుతుంది. వేరుశనగ పప్పుచెక్క పండ్లకు పరీక్ష పెడుతుంది. నువ్వులనూనె గడ్డకట్టని గుణం వలన చిమ్మిలి చలిలో కూడా నోటికి మెత్తగానే ఉంటుంది. (ఒంటికి రాసుకొనుటకు కొబ్బరినూనె సీసా పట్టుకుపోయినవారు దానిని కత్తితో గీరుకోవలసి వస్తుంది; అక్కడా నువ్వులనూనెదే గెలుపు.) బెల్లం కొనునప్పుడు బంగారు ఛాయ కోసం వెదకరాదు. ఆ తెలుపు, ఆ మెరుపు కొరకు కొందరు పాకంలో హైడ్రోసు కలుపుతారు. ముదురు గోధుమరంగు దిమ్మ నుండి కొట్టించుకోవలెను.

నీటిని గురించి ఒక హెచ్చరిక. చలిలో దాహం వేయదు. పైగా గుడారం నుండి, గది నుండి బయటకు వెళ్ళుట బద్ధకమై, మూత్రానికి లేవవలసి వస్తుందని నీళ్ళు మానుతారు. పుట్టిన వేగాలను ఆపుకొనుట వలన కలిగే వ్యాధులకు చరకుడు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఎత్తైన చోట మూత్రం హెచ్చుగా వచ్చుట శరీరం అలవడుతున్నదనుటకు గుర్తు, దానిని అణచరాదు. రోజుకు సుమారు 3 లీటర్లు, వీలైనంత వెచ్చగా త్రాగవలెను. సీసాను తలక్రిందులుగా ఉంచితే నీరు ముందుగా పైభాగాన, అనగా సీసా అడుగున గడ్డకట్టును, మూత తెరచుకుంటుంది. కాఫీ అలవాటున్నవారు అక్కడకు వెళ్ళగానే మానరాదు. కాఫీ మానినందున వచ్చే తలనొప్పికీ, ఎత్తు వలన వచ్చే తలనొప్పికీ తేడా తెలియక చిక్కుపడతారు.

ఎత్తు వలన కలిగే జబ్బు

ప్రయాణానికి వారం ముందు అమ్మాయి తల్లి మందుల సంచి నాకు చూపుటకు తెచ్చినది. అందులో కర్పూరం బిళ్ళలు, వెల్లుల్లి, వాము, శొంఠి, అతిమధురం, కరక్కాయ, తలనొప్పి తైలం ఉన్నాయి. "గాలి అందకపోతే కర్పూరం వాసన చూడమన్నారు చిన్నాన్నా, అమరనాథ్ వెళ్ళివచ్చినవాళ్ళందరూ అదే చెప్పారు" అన్నది. ఈ మాట మన పాఠకుల ఇండ్లలోనూ వినిపించేదే కాబట్టి వివరంగా చెప్పుతాను.

గాలిలో ప్రాణవాయువు వంతు ఎక్కడైనా నూటికి 21 పాళ్ళే. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 3,000 మీటర్ల వద్ద అది సముద్రతీరంలోని దానిలో సుమారు 70 శాతం మాత్రమే. అంటే ప్రతి శ్వాసలోనూ మనకు అందేది ఆ మేరకు తగ్గుతుంది. కర్పూరం ముక్కులో చల్లదనం కలిగించి గాలి బాగా ఆడుతున్నట్లు తోపింపజేస్తుంది. రక్తంలోని ప్రాణవాయువును అది వీసమంత కూడా పెంచదు. పూజకు వాడే కర్పూరం మ్రింగితే విషం, మూర్ఛలు రాగలవు. వెల్లుల్లి వలన కూడా ఈ జబ్బు ఆగినట్లు నిరూపణ లేదు. పులుసులో వేసుకొని తినుటకు అభ్యంతరం లేదు. శొంఠి కషాయం వికారాన్ని కొంత తగ్గిస్తుంది. ఇంతకు మించి దానికి గొప్ప అంటగట్టరాదు.

ఎత్తు వలన కలిగే జబ్బుకు చరక సుశ్రుతాలలో ప్రత్యేక అధ్యాయం లేదు. ఏదో ఒక పేరును లాగి దీనికి తగిలించుట నాకు సమ్మతం కాదు. కాని దారి చూపే సూత్రం ఉన్నది. అలవాటును విడుచుటకైనా, కొత్తది చేపట్టుటకైనా పాదాంశ క్రమంలో, అనగా కొంచెం కొంచెంగా జరుపవలెనని చరకుడు అన్నాడు. నేటి పర్వతవైద్యం చెప్పేదీ అదే. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎక్కుట మాని విశ్రమించవలెను. సముద్రతీరం నుండి బయలుదేరిన మనవాళ్ళు జోషీమఠ్‌లో రెండు రాత్రులు నిద్రించి ఔలీ చేరుట మంచిది. "రెండు రోజుల సెలవు వృథా" అన్నవారికి నా దగ్గర వేరే మందు లేదు.

జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత, చేరిన కొన్ని గంటలకు, తరచు మొదటి రాత్రి మొదలవుతుంది. తలనొప్పి, దానితో వికారం, తల తిరుగుట, అలసట ఉంటాయి. ఈ దశలో ఇంకా పైకి పోరాదు. అక్కడనే విశ్రమిస్తే చాలామందికి ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. తగ్గకపోయినా, హెచ్చినా దిగవలెను. తప్పతాగినవానివలె అడుగులు తడబడుట, మాట తికమక అగుట మెదడు వాచుటకు చిహ్నాలు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, విడువని దగ్గు, గులాబిరంగు నురుగు ఊపిరితిత్తులలో నీరు చేరుటకు చిహ్నాలు. వీటికి అర్ధరాత్రి అయినా దిగుటే చికిత్స; ప్రాణవాయువు సిలిండరు దొరికితే పెట్టి, తోడు మనిషితో దింపవలెను. కొన్ని వందల మీటర్లు దిగినా ప్రాణం నిలుస్తుంది.

అతిమధురం, కరక్కాయ సంచి నుండి నేను తీసివేయలేదు. పొడిగాలికి గొంతు ఎండినప్పుడు బుగ్గన పెట్టుకొనుటకు అవి పనికివస్తాయి. కాని దగ్గు అనగానే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టి ముసుగుతన్ని పడుకొనే అలవాటు మనది. అక్కడ ఆయాసంతో కూడిన దగ్గును అలా తెల్లవార్లూ దాచుకున్న మనిషి తెల్లవారేసరికి ఉండకపోవచ్చును. అమ్మాయికి ఈ మాట నాలుగుసార్లు చెప్పాను.

అసిటజోలమైడ్ అనే మాత్రను ఎక్కుటకు ముందురోజు నుండి 125 మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటలా వేసుకొనుట నివారణకు ఉపయోగపడుతుంది. సల్ఫా మందులు పడనివారికి ఇది పనికిరాకపోవచ్చును. కనుక అల్లోపతి వైద్యుని అడిగే తీసుకోవలెను. ఆయుర్వేద పత్రికలో ఈ మాత్ర పేరెందుకని అడుగవచ్చును. రోగి క్షేమం కోరుటలో పద్ధతుల పంతం అడ్డురాకూడదు. నిద్రమాత్రలు, మద్యం శ్వాసను మందగింపజేస్తాయి. బ్రాందీ వెచ్చదనం ఇస్తుందన్నది అపోహ. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటకు పంపుతుంది.

"డబ్బంతా కట్టేశాము కదా, తలనొప్పని ఆగిపోతే తోటివాళ్ళు ఏమనుకుంటారో" అన్నది తల్లి. ఏమైనా అనుకోనిమ్మన్నాను. ఔలీలో రెండవ రాత్రి ఆ పిల్లకు తలనొప్పి, వాంతి వచ్చాయి. మార్గదర్శకునితో దాచకుండా చెప్పినది. మరుసటి రోజు తోటివారు పైకి పోగా తాను బసలోనే ఉండి, ఆ మరునాడు తల తేటపడిన తరువాతనే ఎక్కినది.

చలి, ఎండ, మంచు

నూలుబట్ట చెమటను పట్టి ఉంచి ఒంటిని చల్లబరుస్తుంది; మన ఊరి బనియను అక్కడ శత్రువు. లోపల ఉన్ని లేదా కృత్రిమ నూలు, మధ్య మందపు ఉన్ని, పైన గాలి చొరనిది, ఇలా పొరలు పొరలుగా వేసుకోవలెను. ఎక్కునప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పి, ఆగిన వెంటనే తొడుగుకోవలెను.

వ్రేళ్ళు, ముక్కు, చెవులు తెల్లబారి, మొద్దుబారి, మైనంవలె గట్టిపడితే అది మంచుకాటు. మన ఇండ్లలో మొద్దుబారిన కాలికి నూనె రాసి రుద్దుట, కుంపటి కాపడం పెట్టుట వాడుక. మంచుకాటుకు ఈ రెండూ హాని చేస్తాయి. రుద్దితే లోపల గడ్డకట్టిన కణాలు చితుకుతాయి. స్పర్శ లేని చర్మం నిప్పుసెగకు తెలియకుండానే కాలుతుంది. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరిన తరువాతనే, 37 నుండి 39 డిగ్రీల వెచ్చని నీటిలో అరగంట ఉంచి వైద్యునికి చూపవలెను. అభ్యంగం మంచిదే, అది ప్రయాణానికి ముందు, తిరిగివచ్చిన తరువాత చేయవలసినది.

క్రొత్త మంచు, పడిన అతినీల కిరణాలలో 80 శాతం వరకు తిరిగి కొట్టుతుంది. నల్లద్దాలు లేక తిరిగిన కన్ను ఆ సాయంకాలానికి ఇసుక పోసినట్లు మండి, తెరువరాదు. కాటుక దీనిని ఆపదు. ప్రక్కలు కూడా మూసి ఉండే అద్దాలు, పెదవులకూ ముఖానికీ ఎండనాపే లేపనం తప్పనిసరి. గడ్డం క్రింద, ముక్కుపుటాల క్రింద కూడా రాయవలెను. వెలుగు క్రింది నుండి కూడా వస్తుంది.

ఇక గృహవైద్యానికి, ఏ వైద్యానికైనా, అందనిది హిమపాతం, అనగా వాలు మీది మంచు ఒక్కపెట్టున విరిగి దొర్లుట. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ జట్టు ద్రౌపదీ కా డాండా శిఖరం వద్ద ఇటువంటి దానిలో చిక్కుకొని ఇరవైమందికి పైగా మరణించారు. వారు శిక్షణలో ఉన్నవారు, శిక్షకులు. అజాగ్రత్తగా తిరిగే వారు కారు. 30 నుండి 45 డిగ్రీల వాలులు ఎక్కువ ప్రమాదకరమైనవి. భారీగా మంచు కురిసిన తరువాత ఒకటి రెండు రోజులు అటు పోరాదు. కప్పబడినవారిని తొలి పది పదిహేను నిమిషాలలో తీయగలిగితేనే ఆశ. కనుక ప్రతి ఒక్కరి వద్ద సంకేతాలు పంపే ట్రాన్సీవరు, పొడవైన గుచ్చుకర్ర, పార ఉండవలెను. వాడుట ముందే నేర్చి ఉండవలెను. మార్గదర్శకుని ఈ మూడింటి గురించి అడగండి. నవ్వి తేల్చివేసేవాడితో పిల్లలను పంపకండి.

తిరిగివచ్చిన తరువాత రెండు మూడు రోజులు నువ్వులనూనెతో అభ్యంగం, గోరువెచ్చని నీటిస్నానం, పెసరకట్టు, మజ్జిగ అన్నం చాలును. తొడల సలుపు నాలుగైదు రోజులలో పోతుంది. వ్రేళ్ళ తిమ్మిరి వారం దాటినా, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం కలిగినా పరీక్ష చేయించుకోవలెను.